నలభై లక్షల కారు నాలుగు లక్షలకే వస్తే

హైదరాబాద్‌లో ఇవాళ పదిహేనేళ్ల నాటి బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ కొత్త స్విఫ్ట్ కన్నా తక్కువకే దొరుకుతోంది. ఆ వయసు ఆడి ఏ4, బెంజ్ సీ క్లాస్ సంగతీ అంతే. చిన్నప్పుడు ఆ బండ్ల బొమ్మలు నోటుపుస్తకం అట్ట మీద అంటించుకుని, ఇప్పుడు నెల జీతం అందుకుంటున్న మనిషికి ఈ ధర చూస్తే చెయ్యి ఆగదు. ఆగమని నేనూ చెప్పను. ఒక్క లెక్క మాత్రం ముందే చూసుకోవాలి. వయసుతో ధర పడిపోయింది కారుకే, దాని సామాన్లకు కాదు. కొత్తలో నలభై లక్షలు పలికిన బండి నాలుగు లక్షలకు మీ ఇంటికొచ్చినా దాని వాటర్ పంపు, షాక్ అబ్జార్బర్లు, హెడ్‌లైట్లు, గేర్‌బాక్స్ అన్నీ నలభై లక్షల బండివే. మీ కారు వయసు చూసి సామాన్ల కౌంటర్లో ఎవరూ తగ్గించి ఇవ్వరు.

అందుకే ఇది కారు మీద ఇష్టం ఉన్నవాళ్లకు, ఆదివారం చేతికి గ్రీజు అంటితే సంతోషించేవాళ్లకు పనికొచ్చే సరదా. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు ముందున్న గుర్తు నలుగురికీ కనబడాలన్నదే కోరికైతే, వారంటీ ఉన్న కొత్త బండి ఏదైనా కొనుక్కోవడం మేలు. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు అద్దం దించి అడిగేది ఎలాగూ మైలేజీ గురించే.

ఉద్యోగస్తులకు నా మొదటి సలహా కారు గురించి కాదు, ఆఫీసు గురించి. ఈ బండి మీద ఆధారపడి ఉద్యోగానికి వెళ్లకండి. చెడిపోయిన భాగం చిన్నదే కావచ్చు, అది ఢిల్లీ నుంచో దుబాయి నుంచో జర్మనీ నుంచో వచ్చేదాకా బండి జాకీ మీదే ఉంటుంది. సెన్సర్ రాలేదంటే మేనేజరు ఒకసారి నవ్వుతాడు, రెండోసారి నవ్వడు. ఇంట్లో స్కూటరైనా, చిన్న కారైనా, నడిచి వెళ్లేంత దూరంలో మెట్రో స్టేషనైనా ఉంటేనే ఈ పనికి దిగండి. రాత్రి షిఫ్టు వాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. పార్కింగ్ సంగతి కూడా అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చక్రాలు విప్పిన బండి రెండు వారాలు నిలబడితే అసోసియేషన్ వాళ్లు నోటీసు అంటిస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

రెండోది అప్పు. పాత బండికి బ్యాంకులు కారు లోను ఇవ్వడానికి వెనకాడతాయి, ఇచ్చినా వడ్డీ ఎక్కువ. దాంతో జనం పర్సనల్ లోను తీస్తారు. అలా కొంటే మొదటి రిపేరు వచ్చేసరికి చేతిలో పైసా ఉండదు, వాయిదా మాత్రం నెలనెలా ఉంటుంది. చేతిలో ఉన్న డబ్బులో మూడింట రెండు వంతులకే కారు చూడండి. మిగిలిన వంతు మొదటి ఏడాదిలోనే ఖర్చయిపోతుందనుకోండి. ఆ తర్వాత నెలకింతని వేరే ఖాతాలో వేస్తూ పోవాలి, బండి బాగున్న నెలలో కూడా. ఇన్సూరెన్స్‌లోనూ మెలిక ఉంది. ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీకీ మీకూ మధ్య కుదిరే ఒప్పందమే. ప్రీమియం తగ్గుతుందని ఆ విలువ మరీ తగ్గించి రాయించుకుంటే, ఒక బంపరూ ఒక హెడ్‌లైటూ పగిలిన చిన్న ప్రమాదానికే రిపేరు లాభం లేదని తేల్చేస్తారు. సామాన్లకు తరుగుదల కోయకుండా చెల్లించే పాలసీ ఇంత పాత బండ్లకు దొరకడం అరుదు.

ఇక ఏ బండి? ఇక్కడ మోడల్ పేరు కన్నా ఇంజన్ కోడ్ ముఖ్యం. చెన్నై దగ్గరి ఫ్యాక్టరీలో బీఎండబ్ల్యూ 2007 నుంచి త్రీ సిరీస్ బిగిస్తోంది, ఈ90 అని పిలిచేది ఆ తరాన్నే. అందులో 320డీ మన దగ్గర ఎక్కువ. దాని ఎన్47 డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. అది అరిగే జబ్బు ఈ ఇంజన్‌కు ప్రపంచమంతా తెలిసినదే. మార్చాలంటే ఇంజన్‌గానీ గేర్‌బాక్స్‌గానీ దించాలి. చైన్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేని బండికి ఆ ఖర్చు ధరలో కోయండి, లేదా వదిలేయండి. 325ఐలో వచ్చిన ఆరు సిలిండర్ల ఎన్52 పెట్రోల్ ఇంజన్ నా దృష్టిలో ఆ తరంలో మేలైనది. టర్బో లేదు, మోత బాగుంటుంది. దాని వాటర్ పంపు మాత్రం కరెంటుతో నడిచేది, పోయేటప్పుడు పెద్దగా చెప్పి పోదు. నాలుగు సిలిండర్ల ఎన్46 నీలం పొగ వదులుతుంటే వాల్వ్ సీళ్లు అయిపోయాయని అర్థం.

ఆడి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలను ఒకే ఇంటి బండ్లుగా చూడాలి. స్కోడా చెక్ దేశపు కంపెనీ అయినా ఇంజన్లు, గేర్‌బాక్సులు ఫోక్స్‌వ్యాగన్‌వే. 2008-2012 మధ్య వచ్చిన 1.8, 2.0 టీఎస్ఐ ఇంజన్లు ఆయిల్ తాగుతాయి, చైన్ టెన్షనర్ తంటా కూడా ఉంది. పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజన్లు కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి దాన్ని శుభ్రం చేస్తారు. ఆటోమేటిక్‌లలో ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ ఉన్నవాటితో జాగ్రత్త, మెల్లగా జరిగే ట్రాఫిక్ వేడి దానికి పడదు. మొదటిసారి కొనేవారికి నేను చెప్పేది పాత ఆక్టేవియా 1.9 డీజిల్, మాన్యువల్ గేర్. షెడ్డు మేస్త్రీలకు చేతికి అలవాటైన ఇంజన్ అది. టైమింగ్ బెల్ట్ మాత్రం వాటర్ పంపు, టెన్షనర్‌తో కలిపి ఒకేసారి మార్చించుకోవాలి.

బెంజిల్లో పాతకాలపు గట్టిదనం కోరేవారు డబ్ల్యూ124 దగ్గరికే వస్తారు. మెర్సిడిస్ బెంజ్ మన దేశంలో 1995లో పుణెలో బిగించిన తొలి కారు అదే. నిజంగానే గట్టి బండి. కానీ 1990ల నడుమ తయారైన బెంజి ఇంజన్లలో వైర్ల పైతొడుగు వేడికి పెళుసై రాలిపోతుంది. వైరింగ్ మార్చారా లేదా అన్నది ఇంజన్ నడిచే తీరు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. తర్వాతి కాలపు డబ్ల్యూ211 ఈ క్లాస్‌లో, 2006కి ముందు వాటిలో, బ్రేకులు ఎలక్ట్రానిక్ పంపుతో పనిచేస్తాయి. ఆ వ్యవస్థను స్కానర్‌తో నిద్రపుచ్చకుండా ప్యాడ్లు విప్పకూడదు. తలుపు తీసినా పంపు తనంతట తాను ప్రెషర్ ఇవ్వగలదు, వేళ్లు నలిగిపోతాయి. దారి పక్క షెడ్డులో ఈ బండి ప్యాడ్లు మార్చించే ముందు ఈ సంగతి వాళ్లకు తెలుసో లేదో అడగండి.

కొనేటప్పుడు బండిని పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. తర్వాత ఏసీ వేసి ఎండలో, ట్రాఫిక్‌లో అరగంట తిప్పండి. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో నిలబడి టెంపరేచర్ పెరగని బండి సగం పరీక్ష నెగ్గినట్టే. స్కానర్ పెట్టించడం తప్పనిసరి. తప్పుల కోడ్‌లు ఏమీ లేవని మురిసిపోకండి, అమ్మే ముందు చెరిపేసి ఉండొచ్చు. ఎమిషన్ వ్యవస్థల స్వయంపరీక్షలు ఇంకా పూర్తికాలేదని స్కానర్ చూపిస్తే, మొన్నీమధ్యే కోడ్‌లు చెరిపారనో బ్యాటరీ తీశారనో అర్థం.

వరద బండ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 2015 డిసెంబర్‌లో చెన్నైలో, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు వందలకొద్దీ మునిగాయి. మామూలు బండి మునిగితే కడిగి ఆరబెట్టి నడిపిస్తారు. జర్మన్ బండ్లలో కొన్ని కంట్రోల్ యూనిట్లు కార్పెట్ కింద, సీట్ల కింద, డిక్కీలో ఉంటాయి. నీళ్లు తగిలిన కనెక్టర్ రెండేళ్ల తర్వాత కూడా పచ్చగా చిలుము పడుతుంది, ఒకరోజు తాళం పనిచేయదు, ఇంకోరోజు అద్దం దిగదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి కొసన బురద గీత ఉంటే అక్కడితో ఆపేయండి. స్టెప్నీ తీసి దాని గుంతలో చెయ్యి పెట్టండి. కార్పెట్ ఒక మూల ఎత్తి వాసన చూడండి. అమ్మేవారు మొహమాటపెట్టినా సరే.

కాగితాలు మరో తంటా. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. అక్కడి బండ్లు చవగ్గా దక్షిణానికి రావడానికి పెద్ద కారణం ఇదే. డీఎల్ నంబరు బండి చూస్తున్నారంటే అక్కడి ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం, మూడూ లెక్కలోకి రావాలి. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాల్సిందేనని చట్టం. సొంత బండ్ల రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. పద్నాలుగో ఏట ఉన్న బండి మరీ చవగ్గా కనిపిస్తుందంటే కారణం అదే.

బండి ఇంటికొచ్చాక మొదటి ఏడాది పని చూడ్డానికి బాగుండదు, ఫొటోలకు పనికిరాదు. ముందు చల్లబరిచే వ్యవస్థ. జర్మన్లు ఆ రోజుల్లో రేడియేటర్ మెడలు, థర్మోస్టాట్ గూళ్లు, కూలెంట్ ట్యాంకులు ప్లాస్టిక్‌తో చేశారు. పదేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది. ఒకటి పగిలిందని ఒకటే మార్చకండి, పైపులు, ట్యాంకు, థర్మోస్టాట్, పంపు అన్నీ ఒకే విడతలో మార్చండి. ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కితే హెడ్ వంకరపోతుంది, ఆ బిల్లు ముందు ఈ సామాన్ల ఖర్చు ఏమీ కాదు. బోరు నీళ్లు పోయకండి. మన దగ్గర బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ధర ఎంతని! వేడి మీద ఉన్న ట్యాంకు మూత ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకండి.

తర్వాత ఆయిల్. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే చాలదు. కంపెనీ అనుమతి కోడ్ ఉండాలి: బీఎండబ్ల్యూకి లాంగ్‌లైఫ్-04 లాంటిది, బెంజికి 229.5 లాంటిది. మీ ఇంజన్‌కు ఏదో మాన్యువల్‌లో ఉంటుంది. డాష్‌బోర్డు పాతికవేల కిలోమీటర్లకు మార్చమంటుంది, మన దుమ్ములో పదివేలకే మార్చండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం వస్తుందన్న మాట నమ్మకండి. చాలా బీఎండబ్ల్యూల్లో ఉండే ఆరు గేర్ల ఆటోమేటిక్ తయారు చేసిన జడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని చెబుతోంది. ఇక బుష్షులు, ఇంజన్ మౌంట్లు, బ్రేకు పైపులు. రబ్బరు ఏదైనా పాతబడితే పోతుంది. అందులోనూ ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఈ బండ్లు దానికోసం తయారైనవి కావు. ఇంధనం పైపులు ఏడాదికోసారి చేత్తో తడిమి చూడండి, బండిని నెలల తరబడి నిండు ట్యాంకుతో నిలబెట్టకండి.

సామాను ఎక్కడ కొనాలన్నది తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. కారు కంపెనీ డబ్బాలో వచ్చే వాటర్ పంపు, ఫిల్టరు, బేరింగు చాలావరకు వేరేవాళ్లు చేసి ఇచ్చినవే: బాష్, మాన్, మాలే, లెమ్‌ఫోర్డర్, సాక్స్, హెల్లా, ఎల్‌రింగ్ వంటివాళ్లు. అదే వస్తువు వాళ్ల సొంత డబ్బాలో తక్కువకు వస్తుంది. చాసిస్ నంబరు పదిహేడు అక్షరాలు ఉంటుంది, బీఎండబ్ల్యూకి చివరి ఏడు చాలు, కచ్చితమైన పార్టు నంబరు దొరుకుతుంది. పేరు చెప్పి కొనకండి, నంబరు చెప్పి కొనండి. బాడీ సామాన్లు, సీట్లు, తలుపుల వంటివి చెన్నై పుదుపేటలోనో ఢిల్లీ మాయాపురిలోనో పాతవి తీసుకోవచ్చు. బ్రేకులు, సస్పెన్షన్, రబ్బరు మాత్రం పాతవి వద్దు.

మేస్త్రీతో సంబంధం చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. సామాను మీరే తెస్తే ఆయనకు సామాన్ల మీద మిగిలేది పోతుంది, కాబట్టి కూలీ ఎక్కువ అడగడం న్యాయం. పని మొదలుకాకముందే మాట్లాడుకోండి. జబ్బు కనిపెట్టడానికి పట్టిన రెండు గంటలకూ డబ్బివ్వండి. "స్కానర్ పెట్టడమే కదా భాయ్" అనే కస్టమర్ బండికి కోడ్‌లో వచ్చిన పార్టు మార్చి పంపేస్తారు. పీ0171 అని కోడ్ వస్తే ఇంజన్‌కు గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అందుతున్నట్టు. ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే కోడ్ రెండు రోజుల్లో మళ్లీ వస్తుంది, ఎందుకంటే అసలు జబ్బు చిట్లిన బ్రీదర్ పైపులో ఉంది. ఆ పైపు వెతికే ఓపిక ఉన్న మనిషి దొరికితే వదులుకోకండి. లేత్ పని, బుష్ ప్రెస్సింగ్, రేడియేటర్, వెల్డింగ్, సీట్ల కుట్టు లాంటివాటికి విజయవాడ ఆటోనగర్ వంటి చోటు చాలు, అక్కడి పనితనం ఎవరికీ తీసిపోదు. ఎలక్ట్రానిక్స్‌కు మాత్రం ఆ కంపెనీ బండ్లే చూసే షెడ్డుకు వెళ్లాలి. ఆ తరం బీఎండబ్ల్యూకి కొత్త బ్యాటరీ వేసినా స్కానర్‌తో నమోదు చేయాలి, లేదంటే పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ చేస్తుంది.

మీరు నేర్చుకోదగిన పనులు ఉన్నాయి: కోడ్‌లు చదవడం, ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కాయిళ్లు, మామూలు బ్రేకు ప్యాడ్లు. టార్క్ రెంచ్ ఒకటి, టార్క్స్ సెట్టు ఒకటి, ఫోక్స్‌వ్యాగన్ అయితే పన్నెండు పళ్ల ఎక్స్‌జడ్ఎన్ బిట్లు కొనండి. ఎన్52 లాంటి ఇంజన్లలో అల్యూమినియం బోల్టులు ఒకసారికే, విప్పితే కొత్తవి వేయాల్సిందే. జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందకి దూరకండి, స్టాండ్లు వేయండి. సామానంతా చేతికొచ్చాకే విప్పడం మొదలుపెట్టండి, అదీ శనివారం పొద్దున. ఆదివారం సాయంత్రం ఒక బోల్టు విరిగితే సోమవారం స్టాండప్ మీటింగులో మీ మనసు ఆ బోల్టు దగ్గరే ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, స్ప్రింగు విప్పడం, ఏసీ గ్యాసు మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు.

మార్పులు, చేర్పులు ఇదంతా అయ్యాకే. ముందు చట్టం. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదువేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. సుప్రీంకోర్టు 2012లో అద్దాల ఫిల్మ్ నిషేధించింది. మోత సైలెన్సర్లను మన పోలీసులు రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించిన ఫొటోలు చూసే ఉంటారు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఇంజన్‌లో ఏం మార్చినా క్లెయిమ్ దగ్గర మీ మెడకే చుట్టుకుంటుంది.

ఖర్చుకు తగ్గ సుఖం ఇచ్చే మార్పులు నిజానికి మార్పుల్లా కనిపించవు. రన్‌ఫ్లాట్ టైర్లు తీసి అదే సైజు మామూలు టైర్లు వేస్తే మన రోడ్ల మీద త్రీ సిరీస్ మారిపోతుంది. స్టెప్నీ ఉండదు కాబట్టి పంక్చర్ కిట్టు, గాలి పంపు డిక్కీలో ఉండాలి. మంచి ప్యాడ్లు, కొత్త షాక్‌లు, సరైన వీల్ అలైన్‌మెంట్. బండి కిందికి దించకండి, మన స్పీడ్ బ్రేకర్లు ఆయిల్ చాంబర్ పగలగొడతాయి. ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచాలనుకునేవాళ్లు గేర్‌బాక్స్ ఎంత మోయగలదో ముందు చూడాలి. ఆ పొడి క్లచ్ డీఎస్‌జీ పరిమితి 250 న్యూటన్ మీటర్లు. పోలో జీటీ 1.2 టీఎస్ఐ ఇచ్చేది 175 కనుక కాస్త చోటుంది, చైన్, క్లచ్ బాగున్న బండికి మాత్రమే. విప్పిన ఒరిజినల్ సామాను ఒక్కటీ పారేయకండి.

మ్యూనిక్, స్టుట్‌గార్ట్‌లలో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఇదే సరదా ఇంకాస్త తేలిక. అక్కడ రెండేళ్లకోసారి తనిఖీ, మార్చిన ప్రతి భాగానికీ ధ్రువపత్రం, అవసరమైతే బండి కాగితాల్లో నమోదు ఉంటాయి. దారి స్పష్టంగా ఉంది కాబట్టి దొంగచాటు పని అక్కర్లేదు. గంటకింతని లిఫ్టు అద్దెకిచ్చే వర్క్‌షాపులు ఉన్నాయి. వీధిలో ఆయిల్ మార్చడం మాత్రం వద్దు. ముప్ఫై ఏళ్లు దాటి బాగా ఉన్న బండికి 1997 నుంచి హెచ్ నంబరు ప్లేటు ఇస్తున్నారు, పన్ను ఏడాదికి సుమారు 192 యూరోలే. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు పొగకు సంబంధించిన ఏ సామాను కొన్నా రాష్ట్ర గాలి నాణ్యత బోర్డు అనుమతి నంబరు ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే స్మాగ్ పరీక్ష దాటదు. మన దేశంలో 2021 నాటి నిబంధనలు యాభై ఏళ్లు దాటిన, పెద్దగా మార్చని బండ్లకు వీఏ సిరీస్ నంబరు ఇస్తాయి. 1976లో వచ్చిన బెంజ్ డబ్ల్యూ123లు ఇప్పుడిప్పుడే ఆ వయసుకు చేరుతున్నాయి.

ప్రతి బిల్లూ, ప్రతి పార్టు నంబరూ, తేదీ, కిలోమీటర్లతో ఒక ఫైలు పెట్టండి. పదవ తరగతి పిల్ల ఫీజు కట్టే నెలలో కారు కోసం ఎవరి దగ్గరైనా చెయ్యి చాచాల్సి వస్తే, లేదా వరుసగా మూడు నెలలు తాళం చేతికి తీసుకోబుద్ధి కాకపోతే, అమ్మేయండి. నడుస్తుండగానే అమ్మండి, ఫైలుతో సహా. ఆగిపోయిన జర్మన్ కారుకు మన ఊళ్లలో తుక్కు ధర తప్ప వేరే ధర లేదు.